చలికాలపు పాలబాటలో చార్జింగు బండి – వైర్లు, అతుకులు, నడక

సంఘానికి పొద్దున పాలు పోసే సభ్యులలో ఒకప్పుడు సైకిళ్లు ఎక్కువ. తరువాత మోపెడ్లు వచ్చాయి. ఇప్పుడు వాటి పక్కన చార్జింగు బండ్లు కూడా నిలబడుతున్నాయి. పెట్రోలు ఖర్చు తగ్గుతుంది, ఇంటి దగ్గరే కరెంటు పెట్టుకోవచ్చు, రోజుకు రెండు పూటలు కలిపి పది ఇరవై కిలోమీటర్ల తిరుగుడుకు సరిపోతుంది. కావున పాడి రైతుకు ఇది పనికివచ్చే బండే.

అయితే కార్తీకం దాటి చలి ముదిరేసరికి ఒక ఫిర్యాదు మొదలవుతుంది. "మధ్యాహ్నం బాగానే నడుస్తున్నది. తెల్లవారుజామున క్యాన్లు పెట్టుకొని ఎత్తు ఎక్కబోతే ఆగిపోతున్నది. మెకానిక్కు దగ్గరికి తీసుకపోతే అక్కడ మళ్లీ మంచిగనే నడుస్తున్నది." దీనికి ఊళ్లో అందరూ చెప్పే మందు ఒక్కటే: చలికి బ్యాటరీ చచ్చింది, కొత్తది వేయించు. కొత్త బ్యాటరీ అంటే వేల రూపాయల మాట. పాడి గేదె మీద వచ్చే కొన్ని నెలల మిగులు అందులోకి పోతుంది. తీరా వేయించిన తరువాత కూడా ఒక్కోసారి ఆ జబ్బు పోదు.

మన ప్రాంతపు చలిలో ఇలా ఆగిపోయే బండ్లలో తప్పు బ్యాటరీది కాక అతుకులది, చెమ్మది అయ్యే అవకాశం చాలా ఉన్నది. అది ఎందుకో, ఎట్లా కనిపెట్టాలో ఈ పాఠంలో చూద్దాము. కొద్దిగా లెక్క ఉన్నది. పాల ఫ్యాటు లెక్క తెలిసినవారికి ఇది కష్టం కాదు.

మన చలి ఎంత?

చలిదేశాల సంగతి వేరు. నార్వేలో నెలల తరబడి మంచు గడ్డకట్టి ఉంటుంది. అయినా 2024లో అక్కడ అమ్ముడుపోయిన కొత్త కార్లలో నూటికి ఎనభై ఎనిమిదికి పైగా కరెంటువే. చలి ఉన్నంత మాత్రాన కరెంటు బండి పనికిరాదనే మాట దీనితోనే తేలిపోతుంది. మన దగ్గర ఆదిలాబాద్, ఆసిఫాబాద్ గుట్టల మీది ఊళ్లలో కొన్ని రాత్రులు అయిదారు డిగ్రీల దాకా దిగుతుంది. చెన్నూరు వైపు గోదావరి ఒడ్డున అంత దిగకున్నా, పుష్యమాసపు తెల్లవారుజామున పది పన్నెండు డిగ్రీల చలి మామూలే. దానికి తోడు నది మీది నుండి, చెరువుల మీది నుండి వచ్చే పొగమంచు. ఈ రెండవదే మన లెక్కలో పెద్దది.

లిథియం బ్యాటరీకి నిజంగా హాని చేసే చలి సున్నా డిగ్రీల కింద ఉంటుంది. సున్నా కింద చార్జింగు పెడితే లోపల లిథియం లోహం పొరగా పేరుకొని బ్యాటరీ చెడిపోతుంది. ఆ పరిస్థితి మన చెన్నూరులో రాదు. పది డిగ్రీల దగ్గర జరిగేది వేరు. లోపలి రసాయన చర్య మందగించి, కరెంటు బయటికి రావడానికి అడ్డు పెరుగుతుంది. లిథియం బ్యాటరీ నడిపే దూరం సుమారుగా పదో వంతు లోపు తగ్గవచ్చు. సీసం బ్యాటరీ అయితే ఇంకొంచెం ఎక్కువ. ఇరవై అయిదు డిగ్రీల నుండి దిగే ప్రతి డిగ్రీకి సుమారు నూటికి ఒక వంతు పోతుందని లెక్క వేసుకోవచ్చు. పొద్దెక్కి ఎండ తగిలితే పోయినది తిరిగి వస్తుంది. అంటే చలికి తగ్గడం జబ్బు కాదు. చేతులు కొంకర్లు పోయినప్పుడు పాలు పితకడం ఆలస్యమైనట్లే.

ఇంకొక సంగతి. మన గేదెలు ఎక్కువగా ఈనేది, పాలు ఎక్కువగా ఇచ్చేది ఈ చలికాలంలోనే. వేసవిలో ఒక్క క్యాను తెచ్చిన సభ్యుడు ఇప్పుడు రెండు తెస్తాడు. నలభై లీటర్ల పాలు నలభై ఒక్క కిలోల పైన తూగుతాయి. క్యాను బరువు కలిస్తే యాభై కిలోల దగ్గర. రెండు క్యాన్లు అంటే మరొక మనిషిని, అందులోనూ లావుపాటి మనిషిని, ఎక్కించుకున్నట్లు. బ్యాటరీ బలం కాస్త తగ్గే రోజులలోనే బరువు పెరుగుతున్నది గనుక, ఏ లోపం ఉన్నా ఈ రోజులలోనే బయటపడుతుంది.

మూడు వోల్టుల కథ

48 వోల్టుల లిథియం బండి ఒకటి అనుకొందాము. నిన్న సాయంత్రం ఒక పూట తిరిగింది. బండి నిలిచి ఉన్నప్పుడు కొలిస్తే బ్యాటరీ 47.5 వోల్టులు చూపిస్తున్నది. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు మోటారు 30 ఆంపియర్లు లాగుతుంది. కంట్రోలరు పెట్టెకు ఒక కట్టుబాటు ఉంటుంది: తన దగ్గరికి వచ్చే వోల్టేజి 42 కంటె తగ్గితే బ్యాటరీని కాపాడడానికి మోటారును ఆపేస్తుంది.

బ్యాటరీ లోపలి అడ్డు మధ్యాహ్నపు వెచ్చదనంలో 0.10 ఓములు, తెల్లవారుజామున చలికి 0.15 ఓములు అనుకొందాము. ఆంపియర్లను ఓములతో హెచ్చిస్తే పోయే వోల్టులు వస్తాయి. మధ్యాహ్నం 30 గుణించు 0.10, అనగా 3 వోల్టులు పోతాయి. పొద్దున 30 గుణించు 0.15, అనగా 4.5 వోల్టులు పోతాయి. పొద్దున కూడా కంట్రోలరు దగ్గరికి 43 వోల్టులు చేరుతాయి. బండి ఆగదు.

ఇప్పుడు బ్యాటరీ నుండి కంట్రోలరుకు వచ్చే దారిలో ఒక్క అతుకు వదులుగా ఉన్నదనుకోండి. దాని అడ్డు 0.05 ఓములే. చూస్తే ఏమీ కనపడదు. 30 ఆంపియర్ల దగ్గర అది 1.5 వోల్టులు తింటుంది. మధ్యాహ్నం 47.5లో 3, మరి 1.5 పోగా 43 మిగులుతుంది, నడుస్తుంది. పొద్దున 4.5, మరి 1.5 పోగా 41.5. కంట్రోలరు ఆపేస్తుంది. రెండు నిమిషాలు నిలబడితే బ్యాటరీ తేరుకొని మళ్లీ కదులుతుంది, మళ్లీ ఎత్తు మీద ఆగుతుంది. మెకానిక్కు దగ్గరికి పోయేసరికి పదకొండు గంటలయి ఎండ కాస్తుంది, క్యాన్లు ఉండవు. అతనికి ఏ లోపమూ దొరకదు. అతను అబద్ధమాడడం లేదు.

చలి తిన్నది 1.5 వోల్టులు, అతుకు తిన్నది 1.5 వోల్టులు. చలి తిన్నది మనం తిరిగి తెచ్చుకోలేము. అతుకు తిన్నది మాత్రం ఒక స్పానరుతో, పది నిమిషాలలో తిరిగి వస్తుంది.

ఆ అతుకు తిన్నది ఎక్కడికి పోయింది? వేడిగా మారింది. 1.5 వోల్టులు గుణించు 30 ఆంపియర్లు, 45 వాట్లు. రేడియో రిపేరు చేసేవాని సోల్డరింగు ఇనుము దాదాపు అంతే. సీటు కింద, ప్లాస్టిక్కు మధ్య, ఎత్తు ఎక్కినప్పుడల్లా ఒక సోల్డరింగు ఇనుము వేడెక్కుతున్నదని అర్థం. కాబట్టి వదులు అతుకును చలికాలపు చిన్న చికాకుగా మాత్రమే చూడరాదు. చలి పోయిన తరువాత బండి ఆగడం మానుతుంది గాని ఆ వేడి మానదు.

ఏ వైరు ఏమి చేస్తుంది?

బండిలో రెండు రకాల వైర్లు ఉంటాయి. లావువి బరువు మోస్తాయి, సన్నవి మాట మోస్తాయి. బ్యాటరీ నుండి ఎం.సి.బి. లేక ఫ్యూజు మీదుగా కంట్రోలరుకు వచ్చే ఎరుపు నలుపు లావు వైర్లు, కంట్రోలరు నుండి చక్రంలోని మోటారుకు పోయే మూడు లావు వైర్లు – సాధారణంగా పసుపు, ఆకుపచ్చ, నీలం – ఇవి బరువు మోసేవి. వీటిలో లోపం ఉంటే వేడి పుడుతుంది, బలం తగ్గుతుంది.

మోటారు నుండే అయిదు సన్న వైర్ల కట్ట ఒకటి వస్తుంది. చక్రం ఏ స్థితిలో ఉన్నదో కంట్రోలరుకు చెప్పేది అది. హ్యాండిలు నుండి యాక్సిలరేటరు వైర్లు మూడు, రెండు బ్రేకు లీవర్ల నుండి బ్రేకు స్విచ్చుల వైర్లు వస్తాయి. బ్రేకు నొక్కగానే మోటారుకు కరెంటు ఆపమని చెప్పేది ఆ స్విచ్చే. ఈ సన్న వైర్లలో లోపం వస్తే వేడి పుట్టదు, మాట తప్పుతుంది. బండి వణికినట్లు కదలడం, అసలు కదలకపోవడం, లైట్లు వెలుగుతూ మోటారు మాత్రం పలకకపోవడం ఇందువల్ల కలుగుతాయి.

పొగమంచు రోజులలో ఎక్కువగా మోసం చేసేది బ్రేకు స్విచ్చు. లీవరు లోపల చెమ్మ చేరితే బ్రేకు నొక్కకున్నా నొక్కినట్లే కంట్రోలరుకు తెలుస్తుంది. దీన్ని కనిపెట్టడం తేలిక. లీవర్లు వదిలి వెనుకకు పోయి చూడండి. వెనుక ఎర్రలైటు బ్రేకు వేసినట్లు గట్టిగా వెలుగుతుంటే దోషం అక్కడనే ఉన్నది. పొడిగుడ్డతో తుడిచి, లీవరు పదిసార్లు నొక్కి వదిలితే తాత్కాలికంగా పని జరుగుతుంది. ఇంటికి వచ్చిన తరువాత ఆరబెట్టి, రబ్బరు తొడుగు చిరిగితే మార్పించాలి. ఆ స్విచ్చు వైరును పీకేసి "ఇప్పుడు మంచిగ నడుస్తుంది" అనేవారున్నారు. క్యాన్లతో దిగుడులో బ్రేకు పట్టినా మోటారు తోస్తూనే ఉంటే ఏమవుతుందో ఆలోచించండి.

యాక్సిలరేటరు ప్లగ్గులో నీరు చేరితే ఇంకా ప్రమాదం. బండి తిప్పకముందే దూకవచ్చు. అటువంటి గుర్తు ఒక్కసారి కనపడినా ఆ రోజు పాలు వేరే బండి మీద పంపండి.

అతుకులు చూచే పద్ధతి

ముందు తాళం చెవి తీయాలి, ఎం.సి.బి. దించాలి, బ్యాటరీ ప్లగ్గు లాగాలి. చేతి ఉంగరాలు, గాజులు, కడియాలు తీసి పక్కన పెట్టాలి. 48 వోల్టులకు షాకు పెద్దగా తగలదని కొందరు ధైర్యం చేస్తారు. షాకు సంగతి అట్లుంచి, ఎరుపు నలుపుల మధ్య ఉంగరం పడితే వందల ఆంపియర్లు పారి అది ఎర్రగా కాలి వేలిని పట్టుకుంటుంది. తడి చేతులతో, పాల చేతులతో ఈ పని వద్దు.

అయితే విప్పడానికి ముందే దోషం ఎక్కడున్నదో చేయి చెప్పగలదు. క్యాన్లతో నాలుగయిదు కిలోమీటర్లు వచ్చిన వెంటనే, తాళం తీసి, సీటు ఎత్తి, లావు వైర్ల ప్రతి అతుకు దగ్గర చేతి వెనుక భాగం ఆనించకుండా దగ్గరగా పెట్టి చూడండి, తరువాత మెల్లగా తాకండి. వైరు కంటె అతుకు వేడిగా ఉంటే అదే దొంగ. ప్లగ్గు ప్లాస్టిక్కు రంగు మారినా, మాడిన వాసన వచ్చినా పరీక్ష అక్కరలేదు; అది మార్చవలసినదే.

వైర్లను పురితిప్పి టేపు చుట్టిన అతుకు లావు వైర్ల మీద ఉండనే రాదు. టేపు చలికి బిరుసెక్కి ఊడుతుంది, లోపల చెమ్మ నిలుస్తుంది, రాగి పచ్చబడుతుంది. సరిపోయిన లగ్గు వేసి, దానికి తగిన పనిముట్టుతో నొక్కించి, పైన వేడికి బిగుసుకునే గొట్టం తొడిగించాలి. కటింగు ప్లేయరుతో నొక్కినది నొక్కినట్లు కాదు. 30 ఆంపియర్ల దారికి 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మంచిది. ఇంటి వైరింగులో మిగిలిన సన్న ముక్క వేసి సరిపెట్టరాదు. ఎం.సి.బి. మార్చవలసి వస్తే అది డి.సి. కరెంటుకు చేసినదేనా అని అడిగి కొనండి. ఇంటి గోడకు పెట్టే ఏ.సి. ఎం.సి.బి. డి.సి. మంటను నమ్మకంగా తెంపలేదు. అవసరం వచ్చిన నాడే చేయిస్తుంది.

ప్లగ్గులోకి నీరు పోకుండా ఉండడానికి ఒక చిన్న ఉపాయం ఉన్నది. వైరు ప్లగ్గులోకి పై నుండి నేరుగా దిగకుండా, ప్లగ్గు కంటె కిందికి ఒక వంపు తీసి మళ్లీ పైకి తెచ్చి పెట్టించాలి. వైరు వెంట జారిన మంచునీరు ఆ వంపు దగ్గర బొట్టుగా రాలిపోతుంది. మోటారు ఇరుసు దగ్గర వైరు లోపలికి పోయే చోట ఇది తప్పనిసరి. సీసం బ్యాటరీ కొమ్ములకు బోల్టు బిగించిన తరువాత పైన వాజలైను పూయాలి. బిగించక ముందు కాదు సుమా.

పొగమంచు లైటు పెట్టుకునేవారికి

చలికాలం రాగానే చాలామంది చేయించే పని అదనపు లైటు. చీకటిలో, మంచులో అది అవసరమే. పెట్టే పద్ధతిలోనే పొరపాటు జరుగుతున్నది. సీసం బ్యాటరీ బండిలో 12 వోల్టుల బ్యాటరీలు నాలుగు వరుసగా కలిపి 48 చేస్తారు. లైటు 12 వోల్టులది గనుక నాలుగింటిలో ఒక దాని మీది నుండి వైరు లాగడం సులువుగా కనిపిస్తుంది. 20 వాట్ల లైటు ఒక గంట వెలిగితే ఆ ఒక్క బ్యాటరీ నుండి సుమారు 1.7 ఆంపియర్ గంటలు అదనంగా పోతాయి. రెండు పూటలకు మూడున్నర. చార్జరు నాలుగింటికీ ఒకే దారిలో, ఒకే మోతాదు పోస్తుంది. మిగతా మూడు నిండి పొర్లుతుంటే ఆ ఒక్కటి ఎన్నటికీ నిండదు. నాలుగు గేదెలకు సమంగా దాణా పెడుతూ ఒక్క దాని దూడకు మాత్రమే రోజూ పాలు విడిచినట్లు. కొద్ది వారాలలో ఆ బ్యాటరీ పోతుంది, దాని వెంట తక్కినవి పోతాయి, నింద చలి మీద పడుతుంది.

48 నుండి 12 వోల్టులకు దించే కన్వర్టరు పెట్టె బండిలో ముందే ఉంటుంది. హెడ్‌లైటు, హారను దాని మీదే నడుస్తాయి. దాని శక్తి చాలితే కొత్త లైటు దాని నుండి, చాలకపోతే మరొక కన్వర్టరు నాలుగు బ్యాటరీల మొత్తం మీద నుండి, విడిగా ఫ్యూజు వేసి పెట్టించాలి. లిథియం బ్యాటరీ పెట్టెను మాత్రం దేనికోసమూ విప్పరాదు.

పాలు, కొట్టం, గడ్డి

ఇది పట్నం పుస్తకాలలో దొరకని సంగతి గనుక కాస్త నిలిచి చదవండి.

ఒలికిన పాలు నీళ్ల వంటివి కావు. పాలలో లవణాలు ఉన్నాయి, కరెంటును మంచి నీటి కంటె బాగా పారనిస్తాయి. పులిసిన తరువాత లాక్టిక్ ఆమ్లం రాగిని తింటుంది. ఎండిన పాల పొర చెమ్మను పట్టి ఉంచుతుంది. క్యాను మూత రబ్బరు వదులై రోజుకు నాలుగు చుక్కలు కారినా, అవి సీటు కిందికి దారి చేసుకుంటాయి. క్యాను కింద రబ్బరు పరుపు, దాని కింద బ్యాటరీ పెట్టెకు పక్కకు నీరు పోయే వాలు ఉండేటట్లు చూడండి. పాలు ఒలికితే ఆ రోజే తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. క్యాన్లు కడిగిన సోడా నీళ్లతో, పైపు ధారతో బండిని కడగడం మానండి.

రాత్రి చలికి బండిని గొడ్ల కొట్టంలో పెట్టడం మనకు అలవాటు. అక్కడ వెచ్చగా ఉంటుంది నిజమే. కాని మూత్రం నుండి లేచే అమ్మోనియా ఘాటు రాగిని, ఇత్తడిని తినేస్తుంది. అతుకుల మీద నీలిపచ్చ బూజు వంటిది కనపడితే అదే. గొడ్ల ఊపిరితో కొట్టంలో చెమ్మ కూడా ఎక్కువ. ఇక వరిగడ్డి పక్కన పెడితే ఎలుకలు వైర్లు కొరుకుతాయి, పైగా నిప్పు భయం. గాలి ఆడే వసారాలో, మంచు మీద పడకుండా పైన కప్పు ఉన్న చోట బండి ఉంచడం మేలు. బ్యాటరీ ఊడదీయగలిగినదైతే రాత్రి ఇంట్లో పొడి చోట పెట్టి, పొద్దున బండికి తగిలించుకోవచ్చు. వెచ్చగా బయలుదేరిన బ్యాటరీ మొదటి ఎత్తును సులభంగా దాటిస్తుంది. అయితే అన్నం ఉడికే ఆవిరి దగ్గర, పొయ్యి దగ్గర, మంచం కింద వద్దు.

చార్జింగు ఎప్పుడు, ఎక్కడ?

చలి రాత్రి తలుపులు మూసుకొని, బ్యాటరీని పడుకునే గదిలో చార్జింగుకు పెట్టి, నిద్రపోవడం – ఇది మానవలసిన అలవాటు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగు పెట్టిన బండి బ్యాటరీ రాత్రి పేలి ఎనభై ఏళ్ల వృద్ధుడొకరు చనిపోయారు. అదే నెలలో విజయవాడలో పడకగదిలో పెట్టిన బ్యాటరీ పేలి ఒకరు ప్రాణం కోల్పోయారు. ఆ సంవత్సరం సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో, ఒక హోటలున్న భవనంలోని కరెంటు బండ్ల షోరూములో మంటలు లేచి, పొగకు ఎనిమిది మంది బలయ్యారు. ఇవేవీ చలికి జరిగినవి కావు. ఇంట్లో, నిద్రలో, తప్పించుకునే దారి లేనిచోట జరగడమే ప్రాణాలు తీసింది.

ఆ ప్రమాదాల తరువాత కేంద్రం బ్యాటరీల భద్రతా ప్రమాణం ఏ.ఐ.ఎస్. 156ను కట్టుదిట్టం చేసింది. సవరించిన నిబంధనలు 2022 డిసెంబరు 1 నుండి ఒక విడతగా, 2023 మార్చి 31 నుండి రెండవ విడతగా అమలులోకి వచ్చాయి. పాత బండి చవకగా వస్తున్నదని కొనేవారు అది ఎప్పుడు తయారయినదో చూచి కొనాలి.

పాడి రైతుకు చార్జింగుకు అనువైన వేళ పొద్దున పాలు పోసి వచ్చిన తరువాతనే. బండి నిలిపి అరగంట ఆగి, పది పదకొండు గంటలకు నీడలో పెడితే సాయంత్రం పూటకు నిండుతుంది. ఎండ కాస్తుంది గనుక బ్యాటరీ చల్లగా ఉండదు, ఇంట్లో ఎవరో ఒకరు మెలకువతో ఉంటారు. సాయంత్రం వచ్చిన తరువాత మళ్లీ కొంత పెట్టి, పడుకునే ముందు తీసేయండి. చార్జరు మీద, బ్యాటరీ మీద గొంగడి, సంచి కప్పరాదు. చార్జింగులో వేడి బయటికి పోవాలి.

చార్జరు మార్పిడి విషయంలో ఒక హెచ్చరిక. "48 వోల్టుల చార్జరు" అని పేరు ఒకటే గాని అన్నీ ఒకటి కావు. పదమూడు సెల్లుల ఎన్.ఎం.సి. లిథియం బ్యాటరీ 54.6 వోల్టుల దగ్గర నిండుతుంది. పదహారు సెల్లుల ఫాస్ఫేటు లిథియం 58.4 దగ్గర నిండుతుంది. రెండవ దాని చార్జరు తెచ్చి మొదటి దానికి పెడితే నాలుగు వోల్టుల దాకా ఎక్కువ తోస్తున్నట్లు. లోపలి రక్షణ పలక ఆపితే ఆపుతుంది, ఆ పలక చెడి ఉంటే ఆపేది ఏదీ లేదు. పక్కింటి చార్జరు అడిగి తెచ్చుకునే ముందు రెండింటి మీద రాసిన అంకెలు చదవండి.

మీటరు చెప్పే మాట

మల్టీమీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. సంఘంలో పాల పరీక్ష బల్ల మీద ఒకటి ఉంటే చార్జింగు బండ్లున్న సభ్యులందరికీ పనికివస్తుంది. అయితే లాక్టోమీటరు అంకె పాల వేడిని బట్టి సవరించుకోవలసినట్లే, వోల్టుమీటరు అంకె కూడా సందర్భం తెలుసుకొని చదవాలి. దిగి వచ్చిన వెంటనే తక్కువ చూపుతుంది, చార్జింగు తీసిన వెంటనే ఎక్కువ చూపుతుంది. గంట నిలిచిన తరువాతి అంకె నిజమైనది. నాలుగు సీసం బ్యాటరీల బండి నిండినప్పుడు 51 దగ్గర, సగం ఉన్నప్పుడు 49 దగ్గర చూపుతుంది. 47కు వచ్చిందంటే ఖాళీ అయినట్లే. నాలుగింటినీ విడివిడిగా కొలిస్తే ఒకటి తక్కినవాటి కంటె అర వోల్టు వెనుకబడి ఉంటే రోగి అదే. ఫాస్ఫేటు లిథియంలో మాత్రం నడుమ భాగమంతా అంకె దాదాపు కదలదు, కావున దానిని చూచి ఎంత మిగిలిందో చెప్పలేము; నడిచిన కిలోమీటర్లు లెక్కపెట్టుకోవడమే దారి.

అతుకులన్నీ బాగుచేసి, చెమ్మ తుడిచి, టైర్లు సరిచూచిన తరువాత కూడా, ఎండలో సైతం బండి మునుపటి దూరంలో సగమే నడుస్తుంటే అప్పుడు బ్యాటరీని అనుమానించండి. ఆ పరీక్ష మధ్యాహ్నమే చేయాలి.

దారిలో

టైరు గాలి చలికి తగ్గుతుంది. మధ్యాహ్నం ముప్పై డిగ్రీల ఎండలో 30 పి.ఎస్.ఐ. పట్టించినది తెల్లవారి పది డిగ్రీలకు 27 దగ్గరికి దిగుతుంది. బరువుతో మెత్తని టైరు మీద పోతే బ్యాటరీ వృథా, క్యాను ఊగుతుంది. గాలి పొద్దున చూచుకోవాలి.

బయలుదేరిన మొదటి కిలోమీటరు మెల్లగా, తక్కువ వేగపు స్విచ్చు మీద పోనిస్తే బ్యాటరీ తన పనితో తానే కొద్దిగా వెచ్చబడుతుంది. ఎత్తుకు ముందు యాక్సిలరేటరు ఒక్కసారిగా తిప్పవద్దు. ఆగిపోతే తాళం తీసి రెండు నిమిషాలు ఓపిక పట్టి, మెల్లగా ఎక్కించండి. చలికాలంలో పాలు వేసవిలో వలె గంటకే విరిగిపోవు; తొందర అంతగా లేదు.

కరెంటు బండికి చప్పుడు లేదు. మంచులో నడిచే మనిషికి గాని మేతకు పోయే గొడ్డుకు గాని అది వస్తున్నట్లు తెలియదు. చెన్నూరు మీదుగా మంచిర్యాల నుండి సిరోంచకు పోయే 63వ నంబరు జాతీయ రహదారి మీద లారీలకూ మీరు కనపడరు. క్యాన్లకు వెనుకవైపు ఎర్ర రేడియం పట్టీ అంటించండి, హారను ఆపకుండా కాకపోయినా వంపుల దగ్గర తప్పక కొట్టండి. దూరపు లైటు మంచు మీద పడి మీ కళ్లకే తిరిగి కొడుతుంది, కింది లైటే వాడండి. గొంగడి, శాలువ కొసలు నడుముకు బిగించి కట్టుకోవాలి. అవి వెనుక చక్రంలో చుట్టుకొని మెడకు బిగిసే ప్రమాదం ఉన్నది. చేతులకు తొడుగులు ఉండాలి. మొద్దుబారిన చేయి యాక్సిలరేటరును ఎంత తిప్పిందో దానికే తెలియదు.

బండి బలం చాలడం లేదని పెద్ద కంట్రోలరు, పెద్ద మోటారు వేయించుకునేవారికి ఒక మాట. 250 వాట్ల లోపు మోటారుతో గంటకు 25 కిలోమీటర్ల లోపు నడిచే చిన్న బండికి చట్టంలో రిజిస్ట్రేషను, లైసెన్సు మినహాయింపు ఉన్నది. బలం పెంచిన మరుక్షణం ఆ మినహాయింపు పోతుంది. లోపలి వైర్లు మాత్రం పాతవే, సన్నవే ఉంటాయి. రెండు క్యాన్లు రోజూ మోయవలసినవారు మొదటనే రిజిస్టరయ్యే బండి కొనడం మంచిది. అటువంటి బండ్లకు రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరు 18 నుండి రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము పూర్తిగా మినహాయించింది. ఆ ఉత్తర్వు గడువు 2026 డిసెంబరు 31.

శివరాత్రికి చలి పోతుంది. అప్పుడు ఒకసారి అతుకులన్నీ మళ్లీ విప్పి, చలికాలంలో చేరిన చెమ్మ మరకలు తుడిచి, బిగించి, వాజలైను కొత్తగా పూయించండి. తరువాత వచ్చే మన కోల్‌బెల్టు ఎండ, నలభై అయిదు డిగ్రీలది, బ్యాటరీకి ఈ చలి కంటె ఎక్కువ కీడు చేస్తుంది.